నడుమెత్తు పొయ్యి

మా నాయనమ్మ మరిడమ్మ నిలబడి వంట చేసేది. ఇప్పుడీ మాట వింటే ఎవరికీ ఏమీ అనిపించదు. ఆవిడ కాపురం చేసిన రోజుల్లో మాత్రం ఆడది నిలబడి వండడమంటే వంటింట్లోకి చెప్పులేసుకు రావడంతో సమానం. రామచంద్రపురం వైపు కాలువ మీద మా లాకు దగ్గర పడవ ఆగితే, పడవలోని ఆడవాళ్ళు దిగి వచ్చి మరీ ఆ పొయ్యిని చూసి వెళ్ళేవారట. చూడడం, ముక్కు మీద వేలేసుకోవడం, మళ్ళీ పడవెక్కడం. వేలేసుకున్నవాళ్ళలో ఒక్కరైనా "ఎందుకమ్మా ఇలా?" అని అడిగిన పాపాన పోలేదు. అందుకే నేను చెప్పాల్సి వస్తోంది.

మా తాత గంగరాజు ఆ లాకు లస్కరు. గోదావరికి ఆనకట్ట కట్టి కాలువలు తవ్వించాక, ఎత్తు నుంచి పల్లానికీ పల్లం నుంచి ఎత్తుకీ పడవలు దాటడానికి లాకులు కట్టారు. ఆ లాకు తలుపులు తీయడం, మూయడం లస్కరు పని. మావాళ్ళు తరతరాలుగా గోదావరిలో చేపలు పట్టుకునేవాళ్ళు. తాత ఈతలో మొనగాడని చూసి ఎవరో ఇంజనీరు ఆయన్ని సర్కారు కొలువులో పెట్టాడు. లాకు పక్కనే ఒక గది పెంకుటిల్లు ఇచ్చారు. వెనకాల వంటసాల మనమే తాటాకుతో వేసుకోవాలి. ఏ వేళ ఏ పడవ వచ్చినా తలుపులు తీసే మనిషి, ఇంట్లో మాత్రం నోరు తీసేవాడు కాదు. అది ఆయన మంచితనమని మా వాళ్ళంటారు. నేను అనను.

ఇంట్లో మూడో మనిషి తాత తల్లి అచ్చాయమ్మ. గుప్పెడంత మనిషి. కొడుకూ కోడలూ తాడిచెట్లలా పొడుగు, ఆవిడ వాళ్ళ మధ్య నిలబడితే కనబడేది కాదు. అయితే చేపల పులుసు కాచిందంటే కనబడకుండానే ఊరంతటికీ తెలిసేది. పులుసులో గరిటె పెడితే ముక్క చెదురుతుంది. అందుకని మసిగుడ్డలతో దాక అంచులు రెండూ పట్టుకుని, పొయ్యి మీదే అటొకసారి ఇటొకసారి మెల్లగా కుదపాలి. ఆ కుదుపు ఆవిడకొచ్చినట్టు ఎవరికీ రాలేదని మా నాయనమ్మే ఒప్పుకునేది. పడవలు నడిపే సరంగులు లాకు దాటిపోకుండా పులుసు కోసం ఆగేవారట. ముసలావిడకి ఆస్తి లేదు, నగ లేదు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఉన్నదల్లా ఆ పేరే.

ఇక నాయనమ్మ నడుము సంగతి. పెళ్ళై మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. అచ్చాయమ్మ ఆ వేళ రేవులో బట్టలు ఉతుకుతోంది. తాత చలిజ్వరంతో గొంగళి కప్పుకుని పడున్నాడు. రెండో లస్కరు వాళ్ళ బావమరిది పెళ్ళికని పోయాడు. సరిగ్గా అప్పుడే కాలువల తనిఖీకి తిరిగే తెల్లదొరగారి పడవ వచ్చింది. పడవ ముందు నిలబడ్డ బంట్రోతు కేకలు. లాకు తెరుచుకోకపోతే తాత కొలువు పోతుంది, అది అందరికీ తెలిసిన విషయమే. నాయనమ్మ కొంగు బిగించి తనే వెళ్ళింది. లాకులోకి నీళ్ళు వదిలింది. తలుపుని తిప్పే పొడవాటి దూలానికి వీపు ఆనించి, కాళ్ళు నేలలోకి తన్నిపెట్టి, ఇద్దరు మగవాళ్ళు తోసే దూలాన్ని ఒక్కతే తోసింది. సగంలో ఉండగా నడుంలో ఏదో పుటుక్కుమంది. ఆపితే తలుపు వెనక్కి వస్తుందని ఆపకుండా చివరిదాకా తోసింది. దొరగారి పడవ వెళ్ళిపోయింది. లోపలున్న దొర పుస్తకం చదువుకుంటున్నాడట, తల కూడా ఎత్తలేదు.

ఆ రోజు మొదలైన నొప్పి ఆవిడ పోయేదాకా పోలేదు. నడుం ఎడమపక్క మొదలై, పిర్ర మీదుగా దిగి, మడమ దాకా లాగేది. వావిలాకు కాపడాలు పెట్టారు. ఆముదం మర్దనాలు చేశారు. ఎవరో చెప్తే వాతలు కూడా పెట్టించారు. ఆ మచ్చలు నేను చూశాను, చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టబోతే తిట్టింది. నొప్పి పోలేదు, ఒంటి మీద మచ్చలు మిగిలాయి.

మొదట్లో అందరూ అయ్యో అన్నారు. అయ్యోలు ఎన్నాళ్ళుంటాయి? జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, పుండైతే కంటికి కనబడుతుంది. ఈ నొప్పికి ఆనవాలు లేదు. పైగా నిలబడితే, నడిస్తే ఆవిడకి కొంత తేలిక. వంగితే, గొంతుక్కూర్చుంటే ప్రాణం పోయేది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని నిటారుగా నడిచొచ్చే కోడలు, పొయ్యి దగ్గర కూర్చోమంటే మొహం మాడ్చుకుంటుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అచ్చాయమ్మ ఒకనాడు రేవులో ఎవరితోనో అంటుంటే నాయనమ్మ చెవిన పడింది.

"మా కోడలికి నొప్పి కూడా తెలివైందేనమ్మా. రేవుకొచ్చి కబుర్లు చెప్పేటప్పుడుండదు, పొయ్యి ముట్టించేటప్పుడు వత్తాది."

ఆ రోజు నుంచీ నాయనమ్మ నొప్పి మాట ఎత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. మూలగడం మానేసింది. నుదుట చెమట పడితే పొగ మీద నెట్టేది. నా దృష్టిలో ఆవిడ చేసిన తప్పు అదే. నొప్పిని అంత బాగా దాచేసరికి, ఆవిడకి నొప్పి లేదని ఇంట్లోవాళ్ళకి రూఢి అయిపోయింది.

మాట మానేసింది గానీ పని మానలేదు. మానితే చేసేదెవరు? అందుకని ఒక్కో పనికీ ఒక్కో దారి వెతుక్కుంది. ఈనెల చీపురుకి వెదురుబద్ద కట్టి వంగకుండా వాకిలి ఊడ్చేది. నవ్వినవాళ్ళు నవ్వారు. నీళ్ళకి రేవులో నడుంలోతు దాకా దిగేది. అక్కడ బిందె ముంచితే నీళ్ళలో బరువుండదు, వంగక్కర్లేదు, అక్కడే చంకకెత్తుకుని నడుచుకుంటూ మెట్లెక్కేది. బట్టలు కింది మెట్టు మీద నిలబడి పై మెట్టు మీద ఉతికేది. వడ్లు దంచడం నిలబడి చేసే పనే అయినా, రోకటిపోటు రోలులో ఒకటి పడితే నడుంలో ఒకటి పడేది. అందుకని పూటకు సరిపడా మాత్రమే దంచేది. "పిచ్చిక కూడు దంచినట్టు దంచుతాది" అని అత్త దెప్పేది.

అన్నిటికీ దారి దొరికింది, పొయ్యికి దొరకలేదు. పొయ్యి నేల మీద ఉంటుంది. దాని ముందు గొంతుక్కూర్చోవాలి, ఊదాలి, ఎసరు చూడాలి, గంజి వార్చాలి. కూర్చోవడం ఒక నరకం. లేవడం రెండో నరకం. ముందు కుడిచెయ్యి నేలకానించి పక్కకి ఒరగాలి. తర్వాత మోకాళ్ళ మీదికి రావాలి. పాక్కుంటూ వంటసాల రాట దగ్గరికి పోయి, దాన్ని పట్టుకుని చేతుల మీద పైకి లేవాలి. ఇది ఎవరి కంటా పడకూడదని నాయనమ్మ పట్టుదల. అందుకని లేవబోయే ముందు అత్తని ఏదో పని చెప్పి బయటికి పంపేది.

"అత్తా, కోడి గంప కిందకి ఎల్లిందో లేదో చూడు."

"అత్తా, నాలుగు కరేపాకు రెబ్బలు తే."

పూటపూటా ఇదే వరస. అచ్చాయమ్మకి ఇది ఎలా కనబడి ఉంటుందో ఆలోచించండి. వంట ఉడికే వేళకల్లా కోడలు తనని వంటసాలలోంచి తరిమేస్తోంది. కోడి గంప కిందే ఉంటుంది, కరివేపాకు బుట్టలో ఉండనే ఉంటుంది. ముసలావిడ అదంతా లోపల పెట్టుకుంది.

ఇలా ఉండగా అచ్చాయమ్మ కూతురు పాపాయికి నెలలు నిండాయి. ఆ అమ్మాయిని తణుకు దగ్గర ఇచ్చారు. తల్లి పురుడు పోయడానికని పడవెక్కి వెళ్ళింది. అదే సమయానికి లాకు గోడలకి పూత పూయడానికి బుల్లియ్య అనే తాపీ మేస్త్రి వచ్చి మకాం వేశాడు. నాయనమ్మ పెరట్లో మట్టి ఇటుకలు తీసి అప్పటికే ఎండబెట్టి ఉంచింది. వెళ్ళి అతన్నడిగింది.

"నా నడుమెత్తున పొయ్యి కట్టాలి, బుల్లియ్యా."

"అంతెత్తేంటమ్మా? ఏనుక్కి వండుతావా ఏంటి?"

"నాకే వండుకుంటాను. నువ్వు కట్టు."

తాతనడిగితే "అమ్మ ఏవంటాదో" అన్నాడు. అని, పడవ వస్తోందని లాకు మీదికి పోయాడు. అవునూ కాదూ అననివాణ్ణి ఎంతసేపని అడుగుతారు? బుల్లియ్య ఒక సాయంత్రం వచ్చి, నాయనమ్మని గోడ పక్కన నిలబెట్టి, నడుం దగ్గర బొగ్గుతో గీత గీసి, అంత ఎత్తున మట్టి ఇటుకలతో గట్టు కట్టి పైన పొయ్యి పెట్టాడు. మూల కూడా మార్చలేదు, పాత పొయ్యి ఉన్న ఆగ్నేయమే. నాయనమ్మ దాన్ని పేడతో అలికి ముగ్గు పెట్టి పాలు పొంగించింది.

ఆ తర్వాత నెలా రెండు నెలలు ఆవిడ బతుకు ఎలా ఉందో అడిగితే నాయనమ్మ మొహం ఇప్పటి మనుషుల్లో నేను చూడని విధంగా వెలిగేది. నొప్పి పోలేదు, ఆ మాట ఆవిడ గట్టిగా చెప్పేది. నొప్పి అలాగే ఉంది. కాకపోతే వంటయ్యాక కూడా ఒంట్లో కాస్త ఓపిక మిగిలేది. సాయంత్రం లాకు మీదికెళ్ళి తాత పక్కన నిలబడి పడవల్ని చూసేది. పెళ్ళయ్యాక అప్పుడే తొలిసారి కూనిరాగం తీసిందట.

వరదల రోజుల్లో అచ్చాయమ్మ తిరిగొచ్చింది. గోదావరి దాటేటప్పుడు తెలిసిన జాలరి ఎవరో పులస ఇస్తే, దాన్ని తామరాకులో చుట్టి తెచ్చింది. పడవ దిగుతూనే "మనవడు పుట్టాడ్రా" అని కొడుకుతో చెప్పి, కాళ్ళు కడుక్కుని, చేపని స్వయంగా తోమి ముక్కలు కోసి, పసుపూ ఉప్పూ పట్టించి, దాక చంకన పెట్టుకుని వంటసాలలోకి వెళ్ళింది. వెళ్ళి నిలబడిపోయింది.

పొయ్యి ఆవిడ రొమ్ముల దాకా వచ్చింది. దాక ఎత్తి పెట్టడమైతే ఎలాగో పెట్టింది. అంచులు పట్టుకుని కుదపడానికి చేతులు అందలేదు. మునివేళ్ళ మీద లేచింది. మంట సెగ మొహానికి కొట్టింది. నాయనమ్మ పక్కనే ఉండి చూస్తోంది. తన నడుం ఎత్తు కొలిపించుకున్నప్పుడు అత్త ఎత్తు ఆవిడకి గుర్తే రాలేదు.

"నేను కుదుపుతాను, ఇటియ్యి అత్తా" అని చెయ్యి చాచింది.

అచ్చాయమ్మ మసిగుడ్డలు కింద పడేసింది.

"నిలబడి వండితే లచ్చింతల్లి నిలబడదే! చచ్చినోళ్ళకి వండినట్టు ఇదేం వంటే? ఇంటికి శని తెచ్చిపెట్టావు గదే! ఒరే గంగరాజూ, ఈ పొయ్యుంటే నేనుండను. తణుకెల్లిపోతాను."

తాత గుమ్మంలో అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు. ఆ పులస పులుసు చివరికి నాయనమ్మే కాచింది. ముక్క చెదిరింది. ముసలావిడ ముట్టలేదు.

తణుకు వెళ్ళలేదు గానీ అంతకంటే పెద్ద పనే చేసింది. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, వానలో, తలమీద తాటాకు గొడుగు పెట్టుకుని, విడిగా వండుకోవడం మొదలుపెట్టింది. తడిసిన పుల్లలు మండవు. ఆవిడ ఊదుతూ, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చునేది. లాకు దగ్గర ఆగిన ప్రతి పడవకీ ఆ పొగ కనబడేది. గంగరాజు తల్లిని వేరు కుంపటి పెట్టించాడని, కోడలు ముసలిదాన్ని వానలోకి గెంటిందని పడవలే ఊరూరా చెప్పాయి. కాలువలో నీళ్ళ కంటే మాట ముందు పోతుంది.

నాయనమ్మకి ఎటూ పాలుపోలేదు. పొయ్యి ఉంటే ఇంటి పరువు పోతుంది, పొయ్యి పోతే తన ఒళ్ళు పోతుంది. తన నడుం సంగతి చెప్పవచ్చు కదా అంటారా? రేవులో విన్న మాట ఆవిడకి ఇంకా చెవిలోనే ఉంది. చెప్పాక కూడా నమ్మకపోతే ఆ తర్వాత ఆ ఇంట్లో ఎలా బతకాలి? అందుకని చెప్పలేదు. ఒక పొద్దున్న తాత దగ్గరికెళ్ళింది.

"పొయ్యి పడగొట్టెయ్, మావా."

"నిజంగానా?"

"ఆ."

తాత గునపం తెచ్చి పడగొట్టేశాడు. ఎందుకు కట్టించావు, ఎందుకు పడగొట్టమంటున్నావు అని ఒక్క మాట అడగలేదు. పీడా పోయిందనుకున్నాడేమో. మా తాత మీద నా కోపం ఇవాళ్టిది కాదు.

నేల పొయ్యి మళ్ళీ వచ్చింది. అచ్చాయమ్మ మూడు రాళ్ళూ తీసేసి లోపలికొచ్చింది. ఈసారి మాత్రం గట్టి పట్టుదలతో వచ్చింది. వంటసాలలోంచి తనని కదపడం ఎవరి తరమూ కాదని పీట వేసుకుని పొయ్యి పక్కనే బైఠాయించింది. నాయనమ్మ గొంతుక్కూర్చుని ఎసట్లో బియ్యం పోసింది. అన్నం ఉడుకు పట్టింది. గంజి వార్చడానికి సిబ్బి కావాలి. సిబ్బి అటు గోడకి తగిలించి ఉంది. అత్తని అందించమంటే లేవలేనని ఒప్పుకున్నట్టే. లేవాలి.

"అత్తా, కోడి గంప కింద ఉందో లేదో చూడు."

"ఉంది. చూసే వచ్చాను."

"నాలుగు కరేపాకు రెబ్బలు..."

"ఇయ్యిగో. కోసే తెచ్చాను. ఇయ్యాళ నన్ను ఎక్కడికీ పంపలేవే నువ్వు."

నాయనమ్మ కదల్లేదు. అత్తా కదల్లేదు. అన్నం పొంగి పొయ్యిలో పడింది. మంట చుయ్యిమంది. ఇంకాసేపుంటే మెత్తబడిపోతుంది. మెత్తబడింది. అడుగంటే వాసన కూడా మొదలైంది. అన్నం మాడబెట్టడమంటే మా ఇళ్ళలో చిన్న తప్పు కాదు. ముసలావిడ కోడలి మొహం కేసి విడ్డూరంగా చూసింది. నాలుగడుగుల దూరంలో ఉన్న సిబ్బికి లేవకుండా, అన్నం మాడుతుంటే చూస్తూ కూర్చునే ఆడది ఎక్కడైనా ఉంటుందా?

చివరికి నాయనమ్మ లేచింది. చూడనీ అనుకుంది కాబోలు. కుడిచెయ్యి నేలకానించి పక్కకి ఒరిగింది. మోకాళ్ళ మీదికి వచ్చింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ రాట దాకా పాకింది. రాటని కావలించుకుని, ఒక చెయ్యి పైన ఒక చెయ్యి వేసుకుంటూ, పళ్ళు బిగించి పైకి లేచింది. లేచాక కూడా నుదురు రాటకి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. నోట్లోంచి శబ్దం రాలేదు. రవిక మాత్రం వీపున నీళ్ళు పోసినట్టు తడిసిపోయింది.

వెనక్కి తిరిగేసరికి అన్నం గిన్నె దించేసి ఉంది. అచ్చాయమ్మ పీట మీద లేదు, దగ్గరికొచ్చి నిలబడి ఉంది.

"ఎప్పట్నించే ఇలా?"

"దొరగారి పడవొచ్చిన కాణ్ణించి."

"రోజూనా?"

"పూటపూటా, అత్తా."

"నన్ను కోడి దగ్గరికీ కరేపాకుకీ పంపింది ఇందుకా?"

నాయనమ్మ తలూపింది.  ముసలావిడ మాడిన అన్నం మీద మూతపెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, అప్పుడంది.

"నన్ను వంటింట్లోంచి గెంటుతున్నావనుకున్నానే. పులుసు కాచుకునే చోటొకటే నాదనుకున్నాను, అదీ లాగేసుకుంటున్నావనుకున్నాను. పొయ్యి ఎత్తుగా కనబడేసరికి, ముసల్దానికి అందకుండా కట్టించిందిరా అనిపించింది. అందట్లేదని చెప్పడానికి సిగ్గేసి, లచ్చింతల్లి పేరు చెప్పాను."

"నీ ఎత్తు నాకు గుర్తు రాలేదత్తా."

"నీ నొప్పి నాకు గుర్తుందేంటి?"

ఇద్దరూ ఏడ్చారట. నాయనమ్మ ఈ ముక్క చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పేది. ఆ పూట ముగ్గురూ మాడు అన్నమే తిన్నారు. అన్నం ఎందుకు మాడిందని తాత అడగలేదు, తినేసి లాకు మీదికి పోయాడు.

మర్నాడు అచ్చాయమ్మే పెరట్లో మట్టి తొక్కింది. బుల్లియ్య అప్పటికి వేరే లాకుకి వెళ్ళిపోయాడు. పడగొట్టిన పొయ్యి ఇటుకల్ని కొడుకు చేత మోయించింది. కోడల్ని గోడ పక్కన నిలబెట్టి, ఎత్తు కొలవడానికి చెయ్యి ఆవిడ నడుం మీద వేసింది. ఎక్కడ లాగుతుందో, ఎక్కడిదాకా దిగుతుందో వేళ్ళతో తడిమి కనుక్కుంది. పొయ్యి మళ్ళీ అంత ఎత్తునే లేచింది. ఈసారి ఒక పక్కన గట్టును ఆనుకుని జానెడెత్తున అరుగు కూడా కట్టింది. అది తనకి. పులుసు రోజున ఆ అరుగెక్కి నిలబడి దాక కుదిపేది. అరుగు మీద నిలబడ్డ అత్తా, నేల మీద నిలబడ్డ కోడలూ ఒకే ఎత్తుకి వచ్చేవారు.

ఊరు ఊరుకుంటుందా? పడవలోంచి దిగిన ఒకావిడ, "అదేం పొయ్యమ్మా, నిలబడి వండితే అరిష్టం గదా?" అందట. లక్ష్మిని అడ్డం పెట్టుకున్న అచ్చాయమ్మే ఇప్పుడు అదే నోటితో అంది.

"మా లచ్చింతల్లికి నడుం నొప్పండి. కూకోలేదు."

ఆనాటి నుంచీ ఆ ఇంట్లో నేల పనులన్నీ అత్తవి, నిలబడే పనులన్నీ కోడలివి. చేపలు తోమడం, కూరలు తరగడం, ఇల్లు అలకడం అచ్చాయమ్మ చేసేది. నీళ్ళు, బట్టలు, చీపురు, వంట నాయనమ్మవి. ఇంకా కొన్నింటికి నేల తప్పదు. భోజనానికి కూర్చోవాలి, పిల్లలకి నీళ్ళు పోయడానికి కూర్చోవాలి, పేరంటానికెళ్తే చాప మీద కూర్చోవాలి. నాయనమ్మ లేవబోతోందని కనిపెట్టగానే ముసలావిడ ఎక్కడున్నా వచ్చి కుడిపక్కన నిలబడేది. పిలవక్కర్లేదు. పొట్టి మనిషి కదా, ఆవిడ భుజం సరిగ్గా చేతికి అందేది. నాయనమ్మ చూడకుండానే చెయ్యి చాచి ఆ భుజం పట్టుకుని లేచేది. నలుగురిలో ఉంటే అత్తాకోడళ్ళు ఏదో రహస్యం చెప్పుకుంటున్నట్టు ఉండేది. మా నాన్న, ఆయన తమ్ముడు ఆ భుజం చూస్తూ పెరిగారు. రెక్కలు వచ్చేసరికి వాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

అచ్చాయమ్మ చాలా ఏళ్ళు బతికింది. ఒక వరదకాలంలో నాలుగు రోజులు జ్వరం వచ్చి పోయింది. గదిలో నేల మీద పడుకోబెట్టి, తలదగ్గర దీపం పెట్టారు. నాయనమ్మ ఆవిడ తల పక్కన నేల మీద కూర్చుంది. కూర్చోవద్దని చెప్పేవాళ్ళెవరు? చెప్పగలిగిన ఒక్క మనిషీ ఎదురుగా పడుకుని ఉంది. శవాన్ని లేపేటప్పుడు అందరూ లేచారు. నాయనమ్మ కూడా లేవబోయి, అలవాటు చొప్పున చూడకుండా కుడిచెయ్యి చాచింది.

చేతికి ఏమీ తగల్లేదు.

ఆవిడ ఆ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తెచ్చుకుని అలాగే కూర్చుండిపోయింది. శవం వెళ్ళింది. ఆడవాళ్ళు ఇల్లు కడిగారు, ఆవిడ కూర్చున్న చోటు వదిలేసి చుట్టూ కడిగారు. స్నానాలకి రేవుకి పోతూ, "ఎంత దుక్కమో పాపం, కదల్లేకపోతోంది. అలాంటి కోడలు ఎవరికుంటాదండీ" అని చెప్పుకున్నారు. దుఃఖం ఉంది. కదల్లేకపోవడం కూడా ఉంది.

పొద్దు వాలే వేళకి తాత కాలువలో మునిగి తడిబట్టలతో వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. గదిలో నాయనమ్మ ఒక్కతే ఉంది. ఆయన లోపలికొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఏ పక్కన నిలబడాలో ఆయనకి తెలియదు. చివరికి నోరు తెరిచాడు.

"ఎటేపే నొప్పి?"

పిల్లలు పెళ్ళీడుకొచ్చారు. తలలు నెరిశాయి. ఆ మాట ఆయన అడగడం అదే మొదలు. నాయనమ్మ తలెత్తి ఆయన్ని చూసింది.

"ఎడమేపు, మావా."

తాత కుడిపక్కకి వచ్చాడు. పొడుగు మనిషి, భుజం ఆవిడకి అందలేదు. అందేలా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.